గర్భం రాకుండా టీకా: నిజమెంత? అపోహ ఎంత?



ఆ మధ్య ఒకరోజు ఒడుగత్తూరు నుంచి వేలూరుకు బస్సులో వస్తున్నాను. మేకల సంత జరిగిన రోజు. బస్సు కిటకిటలాడుతోంది. నా ముందు సీటులో ఒక అత్త, ఆమె కోడలు కూర్చున్నారు. కోడలికి ఐదో నెల. ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే.

"ఆ రెండో సూది వద్దులేమ్మా. దాంట్లో మళ్ళీ కడుపు రాకుండా చేసే మందు కలిపేస్తారంట. మా చెల్లెలి ఫోనులో వచ్చిందంట" అంటోంది అత్త.

"నర్సమ్మ తప్పకుండా వేసుకోమనింది గదత్తా" అంటోంది కోడలు.

వాళ్ళు మాట్లాడుకుంటున్నది గర్భిణులకు వేసే ధనుర్వాతం టీకా గురించి. నేను ఊరుకోలేక కల్పించుకున్నాను. అణైకట్టు దాటి వేలూరు చేరేదాకా మా మాటలు సాగుతూనే ఉన్నాయి. ఆ బస్సులో హడావిడిగా చెప్పిన సంగతులను ఈ రోజు మీకు కాస్త నింపాదిగా మనవి చేస్తాను.

ముందుగా ఒక మాట. అత్త చెప్పింది తప్పే. కానీ ఆ పుకారు పుట్టడానికి ఒక ఆధారం లేకపోలేదు. గర్భం రాకుండా టీకా తయారు చేయవచ్చునా అని శాస్త్రజ్ఞులు ప్రయత్నించిన మాట నిజం. ఆ ప్రయత్నంలో అందరికంటే ముందు నడిచింది మన దేశమే. ఆ టీకా తయారీలో ధనుర్వాతం టీకా మందును కూడా వాడారు. ఈ మూడు నిజాలకు ఒక అబద్ధం తోడై పుకారు పుట్టింది. కనుక నిజాన్నీ అబద్ధాన్నీ విడివిడిగా చూద్దాం.

మన శరీరంలో రోగనిరోధక వ్యవస్థ ఒకటి ఉంది. ఊరికి కావలివాడు ఉన్నట్టే శరీరానికి అది కావలి. ఊరివాళ్ళ ముఖాలన్నీ కావలివాడికి తెలుసు. కొత్త ముఖం కనిపిస్తే నిలదీస్తాడు. అదే విధంగా మన రక్తంలోని కణాలు తమ శరీరానికి చెందినదేదో, పరాయిదేదో గుర్తుపడతాయి. పరాయిది కనిపిస్తే దానికి అతుక్కునే యాంటీబాడీలను తయారు చేస్తాయి. ఒకసారి చూసిన శత్రువును గుర్తుంచుకుంటాయి కూడా. టీకాలన్నీ ఈ జ్ఞాపకశక్తి మీదే ఆధారపడి పనిచేస్తాయి. ధనుర్వాతం క్రిమి విషాన్ని తీసుకుని, దాని కోరలు పీకేసి, ఏ హానీ చేయని రూపంలో సూది ద్వారా ఎక్కిస్తారు. కావలివాడు దాన్ని చూసి గుర్తుపెట్టుకుంటాడు. రేపు అసలు విషం వచ్చినా అది పని చేయకముందే పట్టేస్తాడు.

మరి గర్భం విషయంలో ఏం జరుగుతుంది? ఆడ అండం, మగ వీర్యకణం కలిసిన తర్వాత, పిండం గర్భసంచిలో కుదురుకునే రోజుల్లోనే ఒక హార్మోనును విడుదల చేయడం మొదలుపెడుతుంది. దాని పేరు హెచ్.సి.జి. నెల తప్పిన ఆడవాళ్ళు మందుల షాపులో కొని మూత్రంతో పరీక్షించుకునే పట్టీ వెతికేది ఈ హెచ్.సి.జి. కోసమే. పట్టీ మీద రెండో గీత కనిపించిందంటే ఈ హార్మోను ఉన్నట్టు లెక్క.

ఇంతకూ ఈ హార్మోను చేసే పనేమిటి? "నేను వచ్చాను, ఈ నెల ముట్టు రానివ్వకు" అని పిండం తల్లి శరీరానికి పంపే కబురు ఇదే. ఆ కబురు అందితే అండాశయం ప్రొజెస్టిరోన్ అనే మరో హార్మోనును ఆపకుండా అందిస్తూ ఉంటుంది. గర్భసంచి లోపలి పొర నిలుస్తుంది. కబురు అందకపోతే ఆ పొర కరిగి, మామూలుగా నెలసరి వచ్చేస్తుంది.

శాస్త్రజ్ఞుల ఆలోచన ఇక్కడే మొదలైంది. ఈ కబురును దారిలోనే పట్టేసే యాంటీబాడీలు రక్తంలో ఉంటే గర్భం నిలవదు కదా? రోజూ మాత్ర మింగే పని లేదు, లూప్ వేయించుకునే పని లేదు, ఆపరేషన్ లేదు. అండం విడుదల కావడం, నెలసరి రావడం అన్నీ యథాప్రకారం జరిగిపోతాయి.

రోగనిరోధక శక్తి ద్వారా గర్భాన్ని ఆపాలనే ఆలోచన పాతదే. 1932లోనే అమెరికాలో బాస్కిన్ అనే వైద్యుడు స్త్రీలకు వీర్యకణాలను ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశాడు. కానీ దాన్ని ఒక క్రమపద్ధతిలో సాధించి చూపినవారు మన దేశానికి చెందిన డాక్టర్ జి.పి. టల్వార్. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జీవరసాయన శాస్త్రం ఆచార్యులుగా పనిచేసి, తర్వాత అక్కడి జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టర్ అయినవారు. వేలూరు ప్రాంతపు శ్రోతలకు ఆయన కృషి మరో విధంగానూ దగ్గరిది. మన వేలూరు పక్కనున్న కరిగిరిలో 1955 నుంచి కుష్ఠు ఆసుపత్రి, పరిశోధన నడుస్తున్నాయి కదా! ఆ కుష్ఠు వ్యాధికి టీకా కోసం పాటుపడినవారిలో టల్వార్ ముఖ్యులు. 1991లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన పెద్ద పరీక్షలో చూసిన కుష్ఠు టీకాలలో ఆయన టీకా కూడా ఒకటి.

గర్భనిరోధక టీకాలో ఆయనకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. హెచ్.సి.జి. పరాయిది కాదు. బిడ్డను కన్న ప్రతి తల్లి శరీరానికీ అది తెలిసిన ముఖమే. తెలిసిన ముఖాన్ని కావలివాడు పట్టుకోడు. ఏం చేయాలి? తెలిసిన మనిషి ఒక పేరుమోసిన దొంగ భుజం మీద చెయ్యి వేసుకుని వస్తే కావలివాడు ఇద్దరినీ అనుమానిస్తాడు. టల్వార్ బృందం చేసింది అదే. హెచ్.సి.జి. హార్మోనులో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలున్నాయి. ఆల్ఫా భాగం థైరాయిడ్‌కు సంబంధించిన హార్మోనుతో పాటు ఇతర హార్మోనుల్లోనూ ఉంటుంది. దాని జోలికి పోతే వేరే పనులు చెడిపోతాయి. కాబట్టి హెచ్.సి.జి.కి ప్రత్యేకమైన బీటా భాగాన్ని తీసుకుని, దాన్ని ధనుర్వాతం టీకా మందుకు జత చేశారు. ఈ పరిశోధన ఫలితాలు 1976లో వెలువడ్డాయి. తర్వాత దాని బలం పెంచడానికి గొర్రె హార్మోనులోని ఒక భాగాన్ని కూడా చేర్చారు. ధనుర్వాతం మందుతో పాటు కంఠసర్పి, అంటే డిఫ్తీరియా టీకా మందును కూడా మార్చి మార్చి వాడారు.

ధనుర్వాతం పేరు ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. అది అక్కడ మోసుకువెళ్ళే బండి మాత్రమే. బండి ఒకటే అయినంత మాత్రాన బండిలోని సరుకు ఒకటి కాదు. ఈ మాటను దయచేసి గుర్తుంచుకోండి. కాసేపటిలో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ టీకాను 148 మంది స్త్రీల మీద పరీక్షించి, ఆ ఫలితాలను 1994లో ప్రకటించారు. వాళ్ళందరూ అంతకుముందు పిల్లలను కన్నవాళ్ళే. ఆరేసి వారాల ఎడంతో మూడు సూదులు వేశారు. అందరిలోనూ యాంటీబాడీలు పుట్టాయి. ఒక మిల్లీలీటరు సీరంలో 50 నానోగ్రాముల హెచ్.సి.జి.ని పట్టి ఆపగలిగినంత యాంటీబాడీ ఉంటే రక్షణ ఉన్నట్టు అనుకున్నారు. ఆ మట్టం దాటినవారు 119 మంది, అంటే నూటికి 80 మంది. ఆ మట్టానికి పైన ఉన్నవారిలో మొత్తం 1,224 నెలసరి చక్రాల కాలంలో ఒకే ఒక్క గర్భం వచ్చింది. వాళ్ళ నెలసరులు సక్రమంగానే వచ్చాయి. మళ్ళీ సూది వేయకపోతే కొంత కాలానికి యాంటీబాడీలు తగ్గిపోయి, తిరిగి గర్భం వచ్చింది. అంటే పద్ధతి పనిచేసింది. దాని ప్రభావం శాశ్వతం కాదని కూడా తేలింది. ప్రపంచంలో గర్భనిరోధక టీకా స్త్రీలలో నిజంగా పనిచేస్తుందని రుజువైంది అప్పుడే.

ఇంత బాగా ఉంటే మరి ఆ టీకా మన ఆసుపత్రుల్లో ఎందుకు లేదు అని మీకు సందేహం రావచ్చు. సబబైన సందేహమే.

నూటికి 80 మంది ఆ మట్టాన్ని దాటారంటే, తక్కిన 20 మంది దాటలేదన్న మాట. తట్టు టీకా నూటికి 80 మందిలో బాగా పనిచేసిందంటే కొంతవరకు సంతోషించవచ్చు. చుట్టుపక్కల అందరికీ రక్షణ ఉంటే తక్కినవారికీ కొంత రక్షణ దొరుకుతుంది. గర్భం విషయంలో అలా కుదరదు. పక్కింటామె టీకా నాకు గర్భం రాకుండా ఆపదు. అదీగాక ఎవరి శరీరం ఎంత యాంటీబాడీ తయారు చేస్తుందో, ఎన్నాళ్ళు నిలుపుకుంటుందో ముందుగా చెప్పలేం. ఒకరికి మూడు నెలలు, మరొకరికి ఏడాది. రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. టీకా వేసుకున్న వెంటనే రక్షణ రాదు. మొదటి కొన్ని నెలలు వేరే సాధనం వాడక తప్పదు. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. మాత్ర పడకపోతే రేపటి నుంచి మానేయవచ్చు. లూప్ ఇబ్బంది పెడితే తీయించుకోవచ్చు. శరీరం ఒకసారి నేర్చుకున్నదాన్ని మాత్రం వెంటనే మరిపించలేం. అది దానంతట అది తగ్గేదాకా ఆగవలసిందే.

అసలు రోగనిరోధక శక్తి స్వభావమే అంత. దానికి నేర్పగలం గానీ ఆజ్ఞాపించలేం.

జంతువుల విషయంలో ఈ పద్ధతి ఇప్పటికే ఉపయోగపడుతోంది. అమెరికాలో అసటీగ్ అనే దీవిలో అడవి గుర్రాలున్నాయి. అవి మితిమీరి పెరగకుండా 1988 నుంచి దూరం నుంచే తుపాకీతో సూది బాణాలు కొట్టి టీకా ఇచ్చే ప్రయత్నం మొదలుపెట్టారు. ఆ టీకా వేరే రకం. ఇందులో యాంటీబాడీలు అండం పైపొరకు అతుక్కుని, వీర్యకణాన్ని లోపలికి పోనివ్వవు. అదే పద్ధతిని 1996లో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవిలో ఏనుగుల మీద ప్రయోగించారు. కౌండిన్య అభయారణ్యం వైపు నుంచి వచ్చే ఏనుగులు తోటలను తొక్కిపోతుంటే నష్టపోయే గుడియాత్తం, పేర్ణాంబట్టు అడవి అంచు రైతులకు ఈ కబురు ఆసక్తిగానే ఉంటుంది. ఏనుగును చంపకుండా, పట్టి బంధించకుండా దాని సంఖ్యను అదుపులో ఉంచే దారి ఇది ఒకటి.

అయితే ఏనుగుకూ మనిషికీ ఒక తేడా ఉంది. సూది బాణం కొట్టేముందు ఏనుగును ఎవరూ అడగరు. మనిషిని అడగాలి.

బస్సులో నేను ఇంత దూరం చెప్పేసరికి, అప్పటిదాకా మౌనంగా వింటున్న ఆ కోడలు ఒక ప్రశ్న వేసింది. "ఆ టీకా నిజంగానే వస్తే, మమ్మల్ని అడిగే వేస్తారా అన్నా?"

ఆ అమ్మాయి నాలుగు మాటల్లో అడిగిన ఈ ప్రశ్న మీదే 1990లలో దేశదేశాల మహిళా సంఘాలు పెద్ద చర్చ నడిపాయి. 1993లో అంతర్జాతీయంగా మహిళా సంఘాలు ఈ రకం పరిశోధనను ఆపాలని ఉద్యమం మొదలుపెట్టాయి. వాళ్ళ భయం ఇది: ఆడవాళ్ళకు తెలియకుండా, వేరే టీకా అని చెప్పి కూడా దీన్ని వేయవచ్చు. శరీరం మీద ఏ గుర్తూ ఉండదు. ప్రభుత్వాలు జనాభా లెక్కల మీదే దృష్టి పెట్టినప్పుడు ఇలాంటి సాధనం ప్రమాదకరం కాదా?

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అత్యవసర పరిస్థితి కాలంలో 1976-77 సంవత్సరంలో మన దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎంత ఒత్తిడి, ఎంత బలవంతం ఉన్నదో పెద్దవాళ్ళకు గుర్తే. ఇక 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్ష మొదలుపెట్టారు. అది టీకా కాదు, హార్మోను మందు. అక్కడికి వచ్చిన స్త్రీలకు అది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని సరిగా చెప్పలేదని హైదరాబాదుకు చెందిన స్త్రీ శక్తి సంఘటన అభ్యంతరం చెప్పింది. ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నతో పాటు, చెప్పి వేశారా చెప్పకుండా వేశారా అన్న ప్రశ్న కూడా అప్పుడు న్యాయస్థానం ముందుకు వెళ్ళింది.

వేలూరు వాళ్ళం మనం ఈ సంగతిని ఇంకా బాగా అర్థం చేసుకోగలం. మన ఊరి క్రైస్తవ వైద్య కళాశాల పుట్టుక కథ మీరు వినే ఉంటారు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు గర్భిణులు కాన్పు కష్టంలో ఉన్నారు. వైద్యుడు పక్కనే ఉన్నాడు. కానీ మగ వైద్యుడు రాకూడదని వాళ్ళ ఇళ్ళలోని మగవాళ్ళు పట్టుబట్టారు. ముగ్గురూ తెల్లారేసరికి చనిపోయారు. ఆ వైద్యుడి కుమార్తె ఐడా స్కడర్ అది చూసి డాక్టరు చదివింది. 1900లో వేలూరులో చిన్న వైద్యశాల తెరిచింది. 1918లో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల పెట్టింది. ఆ రాత్రి వైద్యం లేక కాదు ఆ ముగ్గురూ పోయింది. నీకేం కావాలమ్మా అని వాళ్ళను ఎవరూ అడగక పోయారు. బలవంతంగా వైద్యం చేయడం ఎంత తప్పో, వైద్యాన్ని బలవంతంగా దూరం చేయడం కూడా అంతే తప్పు. రెండింటిలోనూ ఆమె మాటకు చోటు లేదు.

ఇప్పుడు మళ్ళీ ధనుర్వాతం సూది దగ్గరికి వద్దాం.

1995లో ఫిలిప్పీన్స్ దేశంలో ధనుర్వాతం టీకాలో హెచ్.సి.జి. కలిపారనే ప్రచారం జరిగి, కోర్టు ఉత్తర్వుతో టీకా కార్యక్రమం కొంత కాలం ఆగిపోయింది. 2014లో కెన్యాలోనూ అదే ఆరోపణ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దాన్ని ఖండించాయి. 2021లో కరోనా టీకా వేసుకుంటే పిల్లలు పుట్టరన్న ప్రచారం మన ఊళ్ళలో కూడా తిరిగింది. ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మలు.

నిజం ఏమిటంటే, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి వేసే సూదిలో ధనుర్వాతం, కంఠసర్పి జబ్బులకు వ్యతిరేకంగా పనిచేసే మందు ఉంటుంది. ఇదివరకు టి.టి. అనేవారు, ఇప్పుడు టి.డి. అంటున్నారు. అందులో హెచ్.సి.జి. ఉండదు. దీనికి మీ వీధిలోనే సాక్ష్యం ఉంది. మొదటి కాన్పులో ఈ సూది వేసుకున్న మీ అక్క, మీ వదిన, మీ పిన్ని రెండో కాన్పుకు మళ్ళీ అదే ఆసుపత్రికి రాలేదా? మళ్ళీ అదే సూది వేయించుకోలేదా?

ఈ సూది తల్లికి ఒక్కదానికే కాదు. తల్లి రక్తంలో పుట్టిన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. వెనకటి రోజుల్లో కొడవలితోనో, తుప్పు పట్టిన బ్లేడుతోనో బొడ్డు కోసి, దానిమీద పేడో బూడిదో పూసేవారు. వారం తిరగకుండా పసిబిడ్డ పాలు తాగడం మానేసి, కొయ్యబారిపోయి చనిపోయేది. దాన్ని గాలి అనో, దిష్టి అనో అనుకునేవారు. అది ధనుర్వాతం. ఈ టీకా, శుభ్రమైన కాన్పు రెండూ కలిసి ఆ చావులను ఆపాయి. తల్లులలో, పురిటి బిడ్డలలో ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఒక పుకారుకు భయపడి ఆ సూది మానేస్తే, పోయిన జబ్బును మనమే పిలిచి ఇంట్లో కూర్చోబెట్టినట్టు అవుతుంది.

ఇంకొక అనుమానం కూడా తీర్చుకోండి. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇస్తున్నారు. మూడు నెలలకు ఒకసారి వేస్తారు. అది కూడా టీకా కాదు, హార్మోను మందు. కావాలని అడిగినవారికి, పరీక్షించి వేయవలసినది. స్త్రీలకు గర్భనిరోధక టీకా అనేది ఈనాటికీ ఏ మందుల షాపులోనూ, ఏ ఆసుపత్రిలోనూ మామూలు వాడకంలో లేదు. టల్వార్ బృందం దానిని జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో కొత్తగా తయారు చేసి, మనుషుల్లో పరీక్షించడానికి మళ్ళీ అనుమతులు కూడా పొందింది. పరిశోధన ఆగిపోలేదు. రేపో మాపో అది వాడుకలోకి రావచ్చు, రాకపోవచ్చు.

వస్తే మంచిదే. రోజూ మాత్ర గుర్తుంచుకోలేని వాళ్ళకు, లూప్ పడని వాళ్ళకు, ఆపరేషన్ ఇంకా వద్దనుకునే వాళ్ళకు మరో దారి దొరుకుతుంది. కానీ దాని విజయం ప్రయోగశాలలో కంటే మన ఆరోగ్య కేంద్రం వరండాలోనే తేలుతుంది. అక్కడ నర్సు చెప్పాలి, వచ్చిన ఆమె అర్థం చేసుకోవాలి, వద్దంటే ఆ మాట చెల్లాలి.

కాబట్టి మీరు ఏ సూది వేయించుకుంటున్నా సరే మూడు మాటలు అడగండి. ఇది దేనికి? దీని పేరేమిటి? దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తే ఎవరి దగ్గరికి రావాలి? ఇలా అడగడం నర్సమ్మను అవమానించడం కాదు. అడిగేవాళ్ళు ఉంటేనే చెప్పే అలవాటు పెరుగుతుంది. పేరు కార్డులో రాయించుకోండి. చదవడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోండి. నర్సమ్మలకు, ఆరోగ్య కార్యకర్తలకు కూడా ఒక మనవి. అడగకపోయినా చెప్పండి. మీరు ఒక్క నిమిషం తీసుకుని చెప్పిన మాట, ఫోనుల్లో తిరిగే వంద పుకార్లను ఆపుతుంది.

బస్సు వేలూరు చేరింది. అత్త ముందు దిగింది. "ఇంతకీ ఆ సూది పేరేంటన్నావు నాయనా?" అని అడిగింది. చెప్పాను. "టి.డి., టి.డి." అని రెండుసార్లు అనుకుంటూ కోడలి చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది. రెండో సూది వేయించారో లేదో నాకు తెలియదు. పేరు తెలుసుకున్నారు గనుక నర్సమ్మను అడిగే ఉంటారని నా ఆశ.